విడిగా ఒక చెయ్యి

“కాలరు దగ్గర ఇస్త్రీపెట్టె ఇంకోసారి లాగు. ఇవాళ ఆరాధనయ్యాక సంఘ సమావేశం ఉంది. నా చెయ్యి లేస్తేనే నువ్వూ ఎత్తు, లేకపోతే ఊరుకో,” అన్నారు మా ఆయన. ఆయన మా చర్చి సంఘంలో డీకను, అంటే పెద్దల్లో ఒకరు. “వాడికి తెలియనిది నీకేం తెలుస్తుందిలే!” అని వంటింట్లోంచి అత్తగారు అందుకున్నారు. నేను కాలరు మీద నీళ్ళు చిలకరించాను.

సమావేశం కుట్టుపని చేసే ఆవిడ గురించి. దెబ్బలకు తాళలేక మొగుణ్ణి వదిలి వచ్చేసిన ఆవిడ బాప్తిస్మం అడిగింది. మా పద్ధతిలో అడిగినవాళ్ళు ముందు అందరి ఎదుటా తమ విశ్వాసం చెప్పుకుని, బయటి గదిలో కూర్చోవాలి. లోపల సభ్యులు చేతులెత్తి తేలుస్తారు. ఆవిడ తడబడకుండా చెప్పి, తలుపు చప్పుడు కాకుండా మూసి వెళ్ళింది.

“కాపురం కాలదన్నినదాన్ని చేర్చుకుంటే రేపు మన ఇళ్ళల్లో ఎవరైనా మాట వింటారా?” అన్నారు మా ఆయన.

“మావిడ ఇప్పుడే వినడం లేదు లెండి,” అన్నాడు వెనకనుంచి బస్సు డ్రైవరు. అందరూ నవ్వారు.

నేను బాప్తిస్మపు తొట్టి వైపు చూశాను. పెళ్ళికి ముందు అందులో దిగాను. నడుము లోతు నీళ్ళలో పాస్టరుగారు “నమ్ముతున్నావా?” అని అడిగి ఆగారు. నాన్న గట్టునే ఉన్నా నా బదులు చెప్పలేదు, చెప్పడానికి వీల్లేదు. బుద్ధెరిగాక నన్నొక మాట అడిగి, జవాబు కోసం ఒక మనిషి ఆగడం అదే మొదలు. ఆ నీళ్ళ కింద నేను ఎవరి కూతురినీ కాను.

ఇంటికి ఎవరొచ్చినా, నేను టీ అందిస్తుంటే, మా ఆయన గర్వంగా అనే మాట ఒకటుంది: “మాకు పైన బిషపు ఉండడండీ. క్రీస్తే శిరస్సు. ఏదైనా ఆయన చిత్తమేమిటో సభ్యులమే తేల్చుకుంటాం.” ఆ మాటను ఇన్నేళ్ళూ కప్పులతో పాటు కడిగేశాను. ఇప్పుడు ఒళ్ళు జలదరించింది. కిర్రుమనే ఈ ఫ్యాను కింద, ఆవులిస్తున్న నర్సు, పిల్ల ముక్కు తుడుస్తున్న తల్లి, నేను... ఆకాశాన్ని చేసినవాడు తన మనసు తెలపడానికి మమ్మల్ని నమ్ముకుని కూర్చున్నాడు! దేవుడికి ఎంత ధైర్యం!

“చేర్చుకుందాం అనేవాళ్ళు చేతులెత్తండి,” అన్నారు పాస్టరుగారు.

కార్యదర్శి ఎప్పటిలాగే బెంచీల మధ్య నడిచాడు. భర్త చెయ్యి లేస్తే రెండు, లేకపోతే ఏమీ లేదు. భార్యలకేసి చూసే అలవాటే లేదు. మా ఆయన చేతులు ఒళ్ళో ఉండడం చూసి మమ్మల్ని దాటిపోయాడు.

నా చెయ్యి పైనే ఉంది. మా ఆయన నా మోచెయ్యి పట్టి కిందికి లాగారు. నేను లేచి నిలబడ్డాను.

“అయ్యా, నన్ను లెక్కపెట్టలేదు మీరు.”

“మీ ఇంటి లెక్క చూశానమ్మా.”

“మా ఇంటికి బాప్తిస్మం ఇవ్వలేదండీ. నాకిచ్చారు.”

పాస్టరుగారు కార్యదర్శి వైపు తిరిగారు. “మొదటినుంచి లెక్కపెట్టు. ఒక్కొక్కరినీ,” అన్నారు.

నా వెనక డ్రైవరు భార్య గాజులు మోచేతి వైపు జారి గలగలమన్నాయి. ఇంకెవరివో కూడా. నేను తిరిగి చూడలేదు. అంత పెద్దది జరుగుతున్నప్పుడు చూడాలంటే భయమేసింది.