ముప్పై కిలోలు చాలన్న పిల్ల

మా సుచరిత బీబీఏ ఆఖరి ఏడాది చదువుతున్నది. ఉత్త బీబీఏ కాదు, దాని ఎనుక లాజిస్టిక్స్, సప్లై చైన్ అని తోకలున్నయి. నేను ఏడో తరగతి కాడ ఆపినదాన్ని. గదేం చదువు బిడ్డా అంటె, "సరుకు ఎక్కడ పుడుతది, ఎట్ల పోతది, ఎవరికి ఎప్పుడు ఎంత అందాలె, గది చూసుడు అమ్మా," అన్నది. గంత దానికి మూడేండ్లు ఎందుకో నాకు తెల్వదు. మా బాన్సువాడ మార్కెట్ యార్డుల హమాలీలు ఏ కాలేజీకి పోకుండనే బస్తాలు అందిస్తుండ్రు.

సరే, ఇంటి నుంచే పోయి వస్తుంది కదా అని ఊకున్న. కని ఆఖరి ఆరు నెలలు కంపెనీల పని నేర్చుకోవాలెనట. అది కూడ ఎక్కడ? మేడ్చల్ అవతల ఒక పెద్ద గోదాంల. పిల్ల ఫోన్ల ఫోటో చూపించింది. మూడంతస్తుల ఇంటంత ఎత్తు ఇనుప అరలు, వాటి నిండ డబ్బాలు. నా కండ్లకు డబ్బాలు ఆనలే, వాటి కింద నిలబడ్డ నా బిడ్డ నెత్తే ఆనింది.

"అవి పడవమ్మా, బోల్టులు బిగించి ఉంటయి."

"బిగించినోడు ఆ పొద్దు పెండ్లాంతోని కొట్లాడి వచ్చి ఉంటె?"

ముందర రెండు కొమ్ములున్న బండి ఒకటి గా అరల నడుమ తిరుగుతున్నది. గదేందంటె సరుకు ఎత్తే బండి అన్నది. ఎనుకకు వచ్చేటప్పుడు కూత పెడ్తదట. "చెవులల్ల ఎప్పుడూ వైర్లు పెట్టుకోని తిరుగుతవ్, నీకు కూత ఎట్ల ఇనబడ్తది?" అన్న. పిల్ల మొకం ముడుచుకున్నది.

"పోనీయవే గంగమణీ," అన్నడు మా ఆయన భూమేశ్.

"నువ్వు మాట్లాడకు. కాలేజీ కాడ దింపొస్తనని పిల్లను బండెక్కించుకోని, పెట్రోల్ బంకు కాడ మరిసి ఒక్కనివే ఇంటికొచ్చినోనివి."

మా ఆయన టవల్ దులుపుకోని బయటికి పోయిండు. నేను పంపను అన్న. పిల్ల పోత అన్నది. నాలుగు రోజులు ఇంట్ల గిన్నెలే మాట్లాడినయి.

గప్పుడే మా పెద్దోడు నవనీత్ కొడుక్కు పుట్టెంట్రుకలు తీసే ముహూర్తం పడ్డది. ఆదివారం పొద్దుగాల ఎల్లమ్మ కాడ ఎంట్రుకలు, మధ్యాహ్నం మా ఇంట్ల దావత్. కోడలి తరఫోళ్లు మహారాష్ట్ర హద్దు మీది మద్నూర్ నుంచి వస్తరు. మా వియ్యపురాలు మరాఠీల నవ్వుతది, తెలుగుల ఎత్తిపొడుస్తది. దావత్ అంటె నాకు ఒక్కటే భయం. బీర్కూర్ల మా మేనత్త కొడుకు ఇంట్ల దావత్ అయితే ఆఖరి బంతికి ముక్కలు ఒడిసినయి. ఉత్త చారు పోసి లేపిండ్రు. ఆ ఇంటి పిల్లలు ఇగ పెద్దగయ్యి కొలువులు చేస్తుండ్రు. అయినా ఊళ్ల ఎవరి పిల్ల అంటె 'చారు దావతోళ్ల పిల్ల' అనే అంటరు.

"అమ్మా, ఈ దావత్ లెక్క నాకు అప్పజెప్పు," అన్నది సుచరిత. "ఒక్కలు కూడ తక్కువాయె అనొద్దు. ఒక్క గంజు కంటె ఎక్కువ మిగలొద్దు. గట్ల చేసి చూపిస్తె నన్ను మేడ్చల్ పంపుతవా?"

"చెయ్యలేకపోతె?"

"పోను. ఒక్క దావత్ సంబాళించనిదాన్ని గంత గోదాంల పోయి ఏం చేస్త? ఇక్కడ్నే ఏదన్న దుకాణంల నేర్చుకుంట. కాలేజీల ప్రాజెక్టు కూడ దీని మీదనే రాస్తనని సార్‌కు చెప్పిన."

మా ఆయన సాక్షి. నేను సరే అన్న.

ఇగ పిల్ల ఫోన్ పట్టుకున్నది. ఇల్లిల్లుకూ చేసింది. "పెద్దమ్మా, మీరు ఎంతమంది వస్తుండ్రు? తాత వస్తడా? తాతకు పండ్లు లేవు కదా, ముక్క నములుతడా, పులుసే పోసుకుంటడా?"

"గట్ల పండ్ల లెక్క అడుగుతరా ఎవరన్న? మన ఇజ్జత్ తీస్తున్నవే!" అని నేను ఫోన్ గుంజుకోబోయిన. కని అవతలికెల్లి పెద్దమ్మ సంబురపడుతున్నది. ముసలాయన పండ్లు పోయినప్పటి సంది ఆయన సంగతి ఎవ్వలు అడగలేదట, అరగంట చెప్పింది.

ఉపాసమున్నోళ్లను తీసేసి, పిల్లలకు సగం కట్టి, శుక్రవారం సాయంత్రం లెక్క తేల్చింది. మటన్ ముప్పై కిలోలు. శనివారం దానికి కాలేజీల పరీక్ష. "అమ్మా, బాపుకు చెప్పు, బాపు వంట భోజ్యా అన్నకు చెప్తడు, ఆయన మటన్ దుకాణంల చెప్తడు. ముప్పై. మరువకు," అని ఆ రాత్రే పుస్తకాలు ముందటేసుకున్నది.

ముప్పై. నేను మంచం మీద కూసోని ఆలోచన చేసిన. కూర తక్కువ పడితె షరతు నేనే గెలుస్త. బిడ్డ నా కండ్ల ముందటనే ఉంటది. కని వియ్యపురాలి ముందట ఇజ్జత్ పోతది, నా మనుమడు రేపు 'చారు దావతోళ్ల పిల్లగాడు' అయితడు. సరిపోతె ఇజ్జత్ ఉంటది, బిడ్డ పోతది. ఎటు తిరిగినా నాకు భయమే. ఒక భయం పిల్లను పట్టుకోమంటది, ఇంకో భయం కూర పెంచుమంటది. తెల్లారేదాంక బొర్లిన. ఆఖరికి శనివారం పొద్దుగాల మా ఆయన చాయ తాగుతుంటె, "ముప్పై ఐదు అన్నది పిల్ల," అని చెప్పిన. ఐదు కిలోలంటె ఎంత? పిల్లికి కూడ సరిపోదు.

ఆదివారం అందరం గుడికి పోయినం. మేం వచ్చేసరికి పెరట్ల భోజ్యా వంట దించిండు. భోజ్యా మా పక్క తాండాయన. చుట్టుపక్కల ఏ దావత్ అయినా ఆయన చెయ్యే. గంజులన్నీ మూతలు పెట్టి, బట్టలు కప్పి, గోడకు వరుసగ పెట్టిండు. పిల్ల ఎన్నున్నయని చూసేలోపే మద్నూర్ బండ్లు దిగినయి. ఇగ బంతి మీద బంతి. నేను ఒక్క బువ్వ ముద్ద తినలే, ప్రతి ఇస్తారి మీద ముక్కలు లెక్కబెట్టుకుంట తిరిగిన. ఎవలన్న గంటె కోసం ఎనుకకు తిరిగితె నా పాణం గుటుక్కుమన్నది.

ఆఖరి బంతి లేచింది. పండ్లు లేని తాత కూడ రెండుసార్లు పోయించుకున్నడు. తక్కువాయె అన్నోడు లేడు. మా వియ్యపురాలు చెయ్యి కడుక్కోని, "కూర మస్తున్నది వదినా. మా దిక్కు గింత మిగిలేటట్టు వండరు, మావోళ్లకు లెక్క తెలుసు," అని నవ్వింది. మూడు డబ్బాలు కట్టించుకోని బండెక్కింది.

ఆ మాట ఇన్నంక పిల్ల పెరట్లకు ఉరికింది. ఒక మూత తీసింది. నిండ కూర. ఇంకో మూత తీసింది. నిండ. మూడోది తీసి మూత అక్కడ్నే ఇడిసిపెట్టింది. బోర్లించిన బగోన మీద కూలబడ్డది.

"ఓడిపోయిన అమ్మా. నేను పోను."

నిజం చెప్తున్న, లోపల నా గుండె ఎగిరి గంతేసింది. బయటికి మాత్రం, "పోనీ తీయి బిడ్డా, ఇక్కడ దుకాణాలు తక్కువనా," అన్న.

"పోవుడు గురించి కాదమ్మా. నేను ఇల్లిల్లు అడిగిన, ఒక్కొక్కలను లెక్కగట్టిన. అయినా ఆరు గంజులల్ల మూడు మిగిలినయి, సగానికి సగం తప్పిన. మూడేండ్లు చదివి గిదా నాకు వచ్చింది? రేపు సార్‌కు నాకు ఈ చదువు రాదనే చెప్తా." కండ్లు తుడుచుకోను చున్నీ తీసుకున్నది.

గంతసేపు ఎగిరిన గుండె జారి కడుపుల పడ్డది. ఇంట్ల ఉంచుకుందామనుకున్న గని, తెలివి లేనిదాన్నని పిల్ల అనుకుంట ఉంటె ఇంట్ల ఉంచుకోని నేనేం చేసుకోను? గిది వంద గోదాంల కంటె పెద్ద భయమైంది. నోరు దానంతట అదే తెరుసుకున్నది.

"ఐదు కిలోలు నేను కలిపిన."

పిల్ల తలకాయ ఎత్తింది. "ఏందీ?"

"ముప్పై ఐదని చెప్పిన మీ బాపుకు. ఐదే కలిపిన. అమ్మతోడు, ఐదు కిలోలకు మూడు గంజులు నిండుతయా? నాదేం లేదు ఇందులో!"

మా ఆయన దగ్గిండు. దగ్గు రానోడు దగ్గితె నాకు వెంటనే అర్థమైతది. "ఏందయ్యా?" అన్న.

"మీ అమ్మ ముప్పై ఐదన్నది బిడ్డా. ఇజ్జత్ సంగతి కదా... భోజ్యాకు నలభై అని చెప్పిన. ఐదే."

పిల్ల మెల్లగ భోజ్యా దిక్కు తిరిగింది. భోజ్యా గంటె ఎనుక మొకం దాసుకున్నడు. "అక్కా, తక్కువైతె తిట్లు ఎవరికి? మీకు గాదు, వంటోనికి. యాభై చెప్పిన. మసాలా నాలుగైదు మూటలు అందుకే దంచిన."

"ఇగ దుకాణమాయనకు ఫోన్ చెయ్యన్నా," అన్నది సుచరిత. గొంతుల ఏడ్పు లేదు. భోజ్యా ఫోన్ పెద్దగ ఇనబడేటట్టు పెట్టిండు.

"యాభై చెప్పినవ్ భోజ్యా," అన్నడు అవతల మటన్ దుకాణమాయన. "దావతోళ్లు ఆఖరుకు ఇంకో పది పంపమని ఫోన్ చెయ్యకుండ ఎప్పుడన్న ఉన్నరా? అందుకే ఇంకో యాటను ముందే కోసి, గా పది కూడ కలిపి పంపిన. కూర బాగున్నదా?"

పిల్ల లేచింది. మూడు గంజులను చూసింది, మా అందరి మొకాలను చూసింది, చప్పట్లు కొట్టి నవ్వుడు పెట్టింది. నాకు భయమైంది. పొద్దటి నుంచి ఎండల తిరిగింది, తలకాయకు ఏమన్న అయిందేమో అని నిమ్మకాయ కోసం ఉరకబోయిన.

"ఆగమ్మా! ముప్పై అరవై అయింది. కలిపినదే మిగిలింది. అంటె వచ్చినోళ్లు తిన్నది ముప్పయ్యే! నా లెక్క తప్పలే!" అన్నది. "గిది మా పుస్తకంల ఉన్నది. తాత ఎద్దులబండి తోలేటప్పుడు చెర్నకోల ఎట్ల కొట్టేది బాపూ? పిడి కాడ చెయ్యి గింతంత కదులుతది, కొసకు పోయేసరికి బారెడు ఎగురుతది. గట్లనే, ఒక్కొక్కడు కొంచెం భయపడితె ఆఖరోని కాడ గింత కుప్ప. సార్ మూడు సార్లు చెప్పినా నాకు మంచిగ ఎక్కలే. ఇయ్యాల ఎక్కింది."

"ఇగ నువ్వు చదివిన చదువంతా మా ముగ్గురి బుద్ధి గురించేనా?" అన్నడు మా ఆయన.

"దుకాణమాయనను కలిపితె నలుగురు."

భోజ్యా కూడ నవ్విండు. నాకు నవ్వు రాలే. పిల్లకు మాత్రం మిగిలిన కూర ఎత్తిపోసుడు అయితదని గుర్తుకొచ్చింది. "భోజ్యా అన్నా, ఈ కూర ఎంతసేపు ఆగుతది?" అన్నది. పొద్దుమూకేదాంకనే అన్నడు. కాలేజీ హాస్టల్ల దోస్తుకు ఫోన్ చేసి, ఎంతమంది ఉన్నరు, ఎందరు మటన్ తింటరు, అన్నం వండిండ్రా అని అడిగింది. తక్కినది దవాఖాన కాడ కాన్పులకు వచ్చినోళ్ల సుట్టాలకు ఇద్దామన్నది. ట్రాలీ ఆటోకు కూడ చెప్పింది. మేం గుడ్లప్పగించి చూస్తుండంగనే మూడు గంజులు ఎటు పోవాలెనో తేలిపోయింది.

"మరి షరతు సంగతేందే?" అన్నడు మా ఆయన, నా దిక్కు చూసుకుంట. "గంజు కంటె ఎక్కువే మిగిలింది. మాట ప్రకారం పిల్ల ఓడినట్టే."

అందరు నా మొకమే చూసిండ్రు. ఓడినట్టే. నేను గెలిచినట్టే. పిల్ల మాత్రం గంజు మూతను తాడుతోని గట్టిగ కడుతున్నది, ఆటోల ఒలకకుండ. కట్టిన ముడి రెండుసార్లు గుంజి చూసింది. నా కండ్లకు ఇనుప అరలు ఆనినయి, కొమ్ముల బండి ఆనింది, బోల్టు బిగించినోని పెండ్లాం కూడ ఆనింది.

"పో," అన్న.

"ఎటు? హాస్టల్‌కా?"

"మేడ్చల్‌కు."

ఏందీ, నేను అన్ననా గా మాట? ఆదివారం ఆదివారం ఇంటికి రావాలె, చెవుల వైర్లు పెట్టొద్దు, అరల కింద నిలబడొద్దు, ఉంటె గింటె మధ్యల నిలబడాలె అని చెప్పనీకి నోరు తెరిచిన. పిల్ల అప్పటికే ఆటో ఎనుక ఎక్కి, రెండు చేతులతోని గంజును పట్టుకోని కూసున్నది. "నడువన్నా, సల్లగైతది!" అని అరిచింది. ఆటో మూల తిరిగింది.