లేని బ్రేకు

డ్రైవింగ్ మాస్టారి కుడికాలు ఆయన మాట వినడం మానేసి చాలాకాలమైంది. నేర్పే కారులో ఆయన కూర్చునే వైపు కూడా ఒక బ్రేకు ఉంటుంది. నేర్చుకునేవాళ్ళు కారుని ఏ గోడ మీదికో ఎక్కించబోతే టక్కున తొక్కడానికి. అక్కడ తొక్కితే ఉద్యోగం. ఇంట్లో సోఫాలో కూర్చుని, భార్య పొయ్యి మీంచి వేడి గిన్నె దించుతుంటే తొక్కడాన్ని ఏమనాలి? పక్కింటాయన నిచ్చెనెక్కుతుంటే తొక్కేవాడు. టీవీలో ఎవరో పెళ్ళికి ఒప్పుకోబోతుంటే ఠపీమని తొక్కాడు. సోఫా ముందున్న తివాచీకి ఆయన మడమ ఆనేచోట బొక్కపడింది.

అంతవరకూ నవ్వులాటే. కానీ కన్నకూతురు ఆయనకి మాటమాత్రం చెప్పకుండా, ఊరి అవతలున్న ఇంకో స్కూల్లో డ్రైవింగ్ నేర్చుకుంది. ఊరంతటికీ నేర్పిన మనిషి కూతురు! లైసెన్సు తెచ్చి బల్ల మీద పెట్టేసరికి మాస్టారి మొహం మాడిపోయింది.

"నీ దగ్గర నేర్చుకుని ఉంటే ఇప్పటికీ మన వీధి దాటేదాన్ని కాదు నాన్నా," అంది ఆ పిల్ల. "నెలాఖరు ఆదివారం నా కారులో నిన్ను తిప్పుతా. నీ కాలు ఒక్కసారి నేలకేసి తొక్కిందా, ఇంక జన్మలో నిన్ను ఎక్కించుకోను."

అన్నదంటే చేసే పిల్ల. ఆ మొండితనం ఎవరి పోలికో వేరే చెప్పక్కర్లేదు. మాస్టారు సిగ్గు చంపుకుని కౌన్సెలర్ దగ్గరికి వెళ్ళాడు.

చిన్న గది. రెండు కుర్చీలు, కిటికీలో ఒక మొక్క, ఏడ్చేవాళ్ళ కోసం ఒక కాగితపు రుమాళ్ళ డబ్బా. కౌన్సెలర్ మేడం ఒక ప్రశ్న అడిగేది, తరవాత ఉలుకూ పలుకూ లేకుండా కూర్చునేది. మొహంలో మెప్పూ లేదు, కోపమూ లేదు. ఒళ్ళో అట్ట, చేతిలో పెన్ను. ఈ వాలకం తనకి బాగా తెలిసిందే అనుకున్నాడు మాస్టారు. తెలియకేం! అచ్చం లైసెన్సు పరీక్ష పెట్టే ఆఫీసరు!

ఆ పరీక్షకి ఆయన ఎంతమందిని తయారుచేశాడో లెక్కలేదు. "అద్దంలో చూస్తే చాలదురా, చూస్తున్నట్టు ఆఫీసరుకి కనబడాలి, మెడ తిప్పు!" అని గొంతు చించుకున్నవాడే. కాబట్టి ఇక్కడా తిప్పాడు. ఏ జవాబు చెప్పాలన్నా ముందు ఎడమకి, కుడికి, భుజం మీంచి వెనక్కి ఒక్కో చూపు చూసి అప్పుడు నోరు విప్పాడు.

"మీ వెనక ఎవరైనా ఉన్నారనిపిస్తుందా?" మెల్లగా అడిగింది మేడం.

మెలిక ప్రశ్న అనుకున్నాడు మాస్టారు. "ఎప్పుడూ ఉంటారు మేడం. లేరనుకోవడమే ప్రమాదం."

పెన్ను పరిగెత్తింది.

"వాళ్ళ వల్ల మీకు హాని జరుగుతుందంటారా?"

"దూరం పాటించకపోతే జరగదూ మరి!"

పెన్ను ఇంకా జోరుగా పరిగెత్తింది. మార్కులు బాగానే పడుతున్నాయని మాస్టారు లోలోపల పొంగిపోయాడు. ఆ తరవాతి వారం ఆవిడ, "ఎవరూ చూడకుండా కర్టెన్ వెయ్యనా?" అంది. ఎన్ని ఎత్తులో ఈవిడకి! "వద్దండీ, అన్ని వైపులా కనబడుతుండాలి," అన్నాడాయన. మేడం నిట్టూర్చింది.

ఇలా వారాలు దొర్లాయి గానీ కాలు మాత్రం దారికి రాలేదు. ఆదివారం ముంచుకొచ్చింది. మేడం దగ్గర చివరి రోజు కాలు సంగతి ఏకరువు పెడుతున్నవాడల్లా ఉన్నట్టుండి ఒక ప్రశ్నకి ఉలిక్కిపడ్డాడు.

"మీ నాన్నగారు ఎలాంటివారు?"

దభీమని కాలు నేలని తాకింది. కిటికీలో మొక్క వణికింది.

"సిగ్నల్ ఇవ్వకుండా తిప్పేస్తే ఎలాగండీ!" అగ్గిమీద గుగ్గిలమయ్యాడు మాస్టారు. "కాలి గురించి పోతూ పోతూ మా నాన్న మీదికి తిప్పేశారు! వెనకాల వచ్చేవాడి గతేంటి?"

"వెనకాల... ఎవరొస్తున్నారు?" మేడం గొంతు తగ్గించి అడిగింది.

"నేనే!"

మేడం పెన్ను పక్కన పెట్టేసింది. "ఎందుకు తిప్పానో చెప్తాను. ముందే చెప్పాల్సింది, చెప్పకపోవడం నా తప్పే. మొదటిరోజు నుంచీ మీరు అటూ ఇటూ వెనక్కీ చూస్తున్నారు. ఎవరో వెంటపడుతున్నారన్న భయం మీకుందనుకున్నాను. అది చిన్నప్పుడు మీ నాన్నగారి దగ్గర మొదలైందేమోనని అడిగాను."

మాస్టారు తెల్లబోయాడు. "నేను చూస్తున్నట్టు మీకు కనబడాలనే కదా చూసింది! మార్కులేస్తున్నారు కదాని!"

"మార్కులా?"

మేడం నవ్వు ఆపుకోలేకపోయింది. ఏడ్చేవాళ్ళ కోసం పెట్టిన రుమాళ్ళు సగం ఆవిడకే సరిపోయాయి. ఆ తరవాత మాత్రం ప్రతి మలుపుకీ సిగ్నల్ ఇచ్చింది. "ఇప్పుడు కాసేపు మాట్లాడను. కోపమొచ్చి కాదు, మీ మాట పూర్తవుతుందని." ఇంకోసారి, "ఈ ప్రశ్న ఎందుకంటే, నిజం చెప్పాలంటే నాకూ దారి తెలియట్లేదు." ఆఫీసరు నోట ఇలాంటి మాట వినడం మాస్టారికి అదే మొదలు. ఎందుకో ప్రాణం కుదుటపడింది.

"చూశారా," అంది మేడం, "నేనెందుకు అడుగుతున్నానో తెలిశాక మీ కాలు కదల్లేదు. మీరెందుకు తొక్కుతారో మీ అమ్మాయికి ఎప్పుడైనా చెప్పారా?"

"చెప్పేదేముందండీ? తొక్కితే తెలిసిపోదూ?"

"ఏం తెలుస్తుంది?"



ఆదివారం బయల్దేరుతుంటే భార్య ఆయన చేతిలో దిండు పెట్టింది. "కాలి కింద వేసుకోండి, చప్పుడన్నా రాదు." కూతురు దాన్ని లాక్కుని వెనక సీట్లోకి గిరాటేసింది.

పిల్ల బాగానే నడుపుతోంది. మాస్టారు తొడని రెండు చేతులా అదిమి పట్టుకుని కూర్చున్నాడు. మార్కెట్ దాటారు. వంతెన దాటారు. ఆగి ఉన్న లారీ చాటునుంచి కుక్కపిల్ల ఒకటి రోడ్డు మీదికి ఉరికింది.

దభీమని చప్పుడు.

కుక్కపిల్ల తోకూపుకుంటూ పోయింది. కారు అప్పటికే ఆగి ఉంది. కూతురు బండి పక్కకి తీసి ఇంజిన్ ఆపేసింది. అయిపోయింది, అనుకున్నాడు మాస్టారు. ఇంక జన్మలో లేదు.

"ఎందుకు తొక్కానో చెప్తానమ్మా," అన్నాడు. "నువ్వు చూళ్ళేదని కాదు. నాకంటే ముందే చూశావు. నీకు రాదనీ కాదు. ఊళ్ళోవాళ్ళకి నేర్పేటప్పుడు నాకు భయం లేదే, నా కాలి కింద బ్రేకుంటుంది. నువ్వు నడక మొదలెట్టిన రోజు నుంచీ నీ పక్కన నాకు బ్రేకు లేదు. లేదని తెలుసు. అయినా తొక్కుతాను."

ఆ పిల్ల స్టీరింగ్ వైపే చూస్తూ ఉండిపోయింది.

"ఏమాలోచిస్తున్నావో చెప్పవే తల్లీ. మార్కులేస్తున్నావా?"

"నేనేం చేసినా నీకు తప్పుగానే కనబడుతుందనుకున్నాను నాన్నా. ఇన్నేళ్ళూ." ముక్కు ఎగబీల్చి, ఇంజిన్ ఆన్ చేసింది. "సరే, విను. అద్దం చూశాను. వెనక బస్సుంది, దాన్ని పోనిస్తున్నాను. ఇప్పుడు బయల్దేరుతున్నాను. ఆ మలుపులో ఎడమకి తిప్పుతున్నాను."

మాస్టారి కాలు గాల్లోకి లేచింది. "ఎడమకా? ఇల్లు కుడివైపు కదే!"

"తెలుసు నాన్నా. కుడికి తిప్పితే ఇల్లొచ్చేస్తుంది, నువ్వు దిగిపోతావు. అందుకే చుట్టు తిప్పుతున్నాను."

లేచిన కాలిని మాస్టారు మెల్లగా, చప్పుడు కాకుండా కింద పెట్టుకున్నాడు.