పళ్ళెంలో పట్టుగూళ్ళు

రంగనాయకమ్మ ఏ పంట తీసినా తొలి దోసెడు దేవుడికి పెట్టందే అమ్మదు. ఆ రోజు వెంకటగిరికోట వైపు పల్లె నుంచి పట్టుగూళ్ళ సంచులతో కుప్పం మార్కెట్టుకు వచ్చింది. ఒక దోసెడు కొంగున కట్టుకుని పక్క సందులోని మేడ ఎక్కింది. అక్కడ ఒక గదిలో, రైల్వేలో రిటైరైన మునిచంద్ర బుద్ధుడి బొమ్మ పెట్టి చూసుకుంటున్నాడు. బొమ్మ ముందు దీపం, నీళ్ళ గిన్నె, పళ్ళెంలో పూలు.

“ఇదేందమ్మా, అందరూ పూలు తెస్తే నువ్వు గూళ్ళు తెచ్చినావు?”

“మా చేలో పూసేది ఇదేనప్పా.”

ఆయన నవ్వాడు. ఆమె నవ్వలేదు. భర్త పోయినప్పటి నుంచి ఆమెను ఒకటే దిగులు తొలుస్తోంది. మల్బరీ ఆకు తరిగి, పసిబిడ్డల్లా సాకిన పురుగులు గూడు కట్టుకోగానే మరిగే నీళ్ళలోకి పోతాయి. దారం వస్తుంది, పురుగు చస్తుంది.

“సంపే పంటలోది పెడితే ఈయన ఒప్పుకుంటాడా?” అని అడిగేసింది.

“ఒప్పుకునేదానికి, తినేదానికి ఆయన ఈడ లేడమ్మా. పువ్వు యాల పెడతాము? రేపు వాడిపోతాది, మనమూ అంతేనని సూసుకునేదానికి. దీపం పెడితే సీకటి పోతాది, మన తెలివిలేనితనమూ అట్లే పోవల్లని. ఆ నీళ్ళు సూడు, గిన్నె అడుగు కనబడతాండాది. మనసు అట్లుండల్ల. పెట్టేది ఆయన ముందర, సూసుకునేది మనము.”

“మరి గూళ్ళకు ఏమర్థం?”

“అది నాకూ తెల్దు. నువ్వే సూడల్ల.”

ఆమె గూళ్ళను పళ్ళెంలో పూల మధ్య పెట్టి దిగిపోయింది.

మరుసటి వారం, మళ్ళీ సాకడానికి చిన్న పురుగులు కొందామని కూతురు చంద్రికతో పొద్దున్నే వచ్చింది. కూతుర్ని కింద నిలబెట్టి మేడెక్కింది. పళ్ళెంలో వాడిన పూల మధ్య ఒక గూడు కొస తడిసి ఉంది. ఎలుక ముట్టిందేమోనని వంగి చూసింది. ఆ తడిలోంచి, దారాలను పక్కకు తోసుకుంటూ ఒక తెల్లని తల బయటికొచ్చింది.

రంగనాయకమ్మ పళ్ళెం ముందు నేల మీద కూర్చుండిపోయింది. గూటికి చిల్లు పడితే దారం తెగిపోతుందని, కట్టిన వారంలోపే అమ్మేస్తారు. అందుకే కాపురానికి వచ్చిన నాటి నుంచి సాకుతున్నా, లోపలిది ఏమై వస్తుందో ఆమె ఎన్నడూ చూడలేదు.

ముడతలు పడిన రెక్కలు ఆరేకొద్దీ విచ్చుకున్నాయి. మీగడ తెలుపు. అది ఎగరలేదు. వాడిన పూరేకు మీద నిలబడి వణికింది. పక్క గూటి కొస కూడా తడవసాగింది.

మునిచంద్ర అగరుబత్తి వెలిగించబోయి, పొగ తగులుతుందని అగ్గిపెట్టె పక్కన పెట్టేశాడు. ఆయనా నేల మీద కూర్చున్నాడు.

“ఎన్నాళ్ళు బతుకుతాదప్పా?”

“కొద్ది దినాలేనంట. మేత గూడా ముట్టదంట.”

ఇన్నేళ్ళ సంచులన్నీ ఆమె కళ్ళ ముందు కదిలాయి. దండం పెట్టాలని కూడా తోచలేదు. చూస్తూనే ఉంది.

“అమ్మా, పురుగులు అమ్ముడైపోతాండాయి, దిగు,” కింద నుంచి చంద్రిక పిలిచింది.

“అయిపోనీ. చెప్పులు ఆడనే ఇడిచి నువ్వే పైకి రా. మెల్లిగా రా. మనం సాకిందేందో సూద్దువు.”