చెల్లి పాదాలు

మా చెల్లి కడుపు నిండా తిని పోయిందని మా ఇంట్లో చెప్పుకుంటారు. నలభై ఏళ్ళుగా మా అమ్మకు అదే ఊరట.

పదిహేడో ఏట చెల్లి తిండి మానేసింది. లావైపోతున్నానంటూ పళ్ళెం ముందు నుంచి లేచిపోయేది. పుల్లలా అయ్యాక కూడా అద్దంలో బుగ్గలు పట్టి చూసుకునేది. అదొక జబ్బని మాకు తెలియదు. నేను దేవుడికి మొక్కుకున్నాను. ఒకరోజు తనే వచ్చి, "అక్కా, ఆకలేస్తోంది, పెట్టవా?" అంది. మూడు రోజులు పాలూ అన్నమూ చక్కెరా కలిపి నా చేత్తోనే పెట్టాను. మూడో రోజుకు పాదాలు నిండుగా కనిపించాయి.

"చూశావా, అప్పుడే ఒళ్ళు చేస్తోంది" అని అమ్మ మురిసిపోయింది.

మర్నాడు పొద్దున లేపితే లేవలేదు.

ఇప్పుడు నా కూతురు. పిచ్చుక అని పిలుస్తాం. ఆ పేరెందుకు పెట్టామా అని ఈమధ్య భయమేస్తోంది. ఏడాదిపాటు తిన్నట్టు నటించి, చివరికి స్నానాలగదిలో పడిపోతే ఆసుపత్రిలో చేర్చాం. నాడి నిమిషానికి ముప్పై ఎనిమిది.

ఇక్కడ నర్సు తిండి కొలిచి పెడుతుంది. "ఎండిపోయిన ఒంట్లో ఒక్కసారిగా తిండి పడితే రక్తంలో లవణాలు పడిపోతాయమ్మా. గుండె ఆగిపోవచ్చు. రోజూ రక్తం చూసి కాస్త కాస్త పెంచుతాం. బయటిది ఏదీ పెట్టకండి" అని మొదటిరోజే చెప్పింది. తలూపాను గానీ, తిండి ప్రాణం తీస్తుందంటే ఏ తల్లి నమ్ముతుంది?

రెండో రోజు పిచ్చుక నా చెయ్యి పట్టుకుంది. "అమ్మా, ఆ గిన్నెడు నాకు ఏ మూలకీ రాలేదే. ఏమైనా తేవా?"

ఏడాది తర్వాత విన్న మాట. దేవుడు పలికాడనుకున్నాను. డబ్బాలో పాలన్నం తెచ్చి, తెర లాగి, దొంగచాటుగా పెట్టాను.

మూడో రోజు మధ్యాహ్నం కాళ్ళు బరువుగా ఉన్నాయంటే ఒత్తుతూ కూర్చున్నాను. బొటనవేలు తీసినా చర్మం మీద గుంట అలాగే ఉంది. దుప్పటి తొలగించాను. ఆ పాదాలు నాకు తెలుసు.

"ఏంటమ్మా, దెయ్యాన్ని చూసినట్టు చూస్తున్నావ్?" అని నవ్వింది పిచ్చుక.

నోరు విప్పితే బిడ్డకు చేసింది చెప్పాలి. అది చెబితే చెల్లికి చేసిందీ ఒప్పుకున్నట్టే. ఎంతసేపు అలా ఉండిపోయానో తెలియదు. నిమిషమే అయ్యుంటుంది. ఆ నిమిషం ఇంకా నన్ను వదల్లేదు.

డబ్బా తీసుకెళ్ళి నర్సు చేతిలో పెట్టాను. "నేనే పెట్టాను తల్లీ. నిన్న రెండుసార్లు, పొద్దున ఒకసారి. చక్కెర కూడా వేశాను. కాళ్ళు ఉబ్బాయి, రా."

ఆమె తిట్టలేదు, పరుగెత్తింది. రక్తం తీశారు, ఛాతీకి తీగలు అంటించారు, సెలైన్‌లో మందు ఎక్కించారు.

"రక్తంలో ఫాస్ఫేట్ లవణం బాగా పడిపోయింది. టైముకి చెప్పారు" అన్నాడు డాక్టరు.

"చెప్పకపోతే?"

"కొందరు నిద్రలోనే పోతారమ్మా."

వెనక్కి వెళ్ళి పిచ్చుక కాళ్ళ దగ్గర కూర్చున్నాను.

మర్నాటికి నాడి నిలకడగా ఉందని, మళ్ళీ చిన్న గిన్నెతో మొదలుపెట్టారు. గిన్నె ఖాళీ చేసి పిచ్చుక, "ఇంకో చెంచా" అంది.

"లేదు."

"ఏడాదంతా తినమని నా ప్రాణం తోడేశావు. ఇప్పుడు తింటానంటే పిసినారివయ్యావా?"

"అయ్యాను. నోర్మూసుకుని పడుకో" అని గిన్నె దూరంగా జరిపాను.

సాయంత్రం అమ్మ ఫోన్ చేసింది. "మనవరాలు తింటోందా? కడుపు నిండా పెట్టావా?"

"ఇంకా లేదమ్మా. మెల్లగా పెడుతున్నారు."

"నువ్వు దగ్గరుండి పెట్టవే. మీ చెల్లి అదృష్టం, నీ చేతి ముద్ద తిని పోయింది."

నా ఏ మొక్కు దేవుడు విన్నాడో, ఏది వినలేదో నాకు తెలియదు. మంచం మీద పిచ్చుక పాదాలు దుప్పటి బయటికి వచ్చి ఉన్నాయి. వేలితో నొక్కి చూశాను. గుంట నెమ్మదిగా పూడుకుంది.

"అవునమ్మా" అన్నాను.