షిఫ్టులో ఉన్నవాడి మాట

కంపెనీ మాట వింటే గనిలో నొప్పి పడి చచ్చినవాడు ఒక్కడూ లేడు. అందరూ క్షణంలో పోయారు. అది నమ్మేంత అమాయకులు కోలారు బంగారు గనుల కూలీల లైన్ ఇళ్లలో లేరు గనుక, వాళ్లకొక కట్టుబాటు ఉండేది. పోయినవాడితో అదే షిఫ్టులో దిగినవాడు, శవం లేచేలోపు ఇంటికొచ్చి, గడప దగ్గర కూర్చుని ఉన్నదున్నట్టు చెప్పాలి. అక్కయమ్మ మొగుడు శ్రీనివాసప్ప ఎయిర్‌బ్లాస్టులో, గని గోడ పేలి, బండల కింద నలిగినప్పుడు అదే షిఫ్టు చిన్నవెంకటప్ప వచ్చి అట్లాగే చెప్పాడు. ఆమె విన్నది, గుండెలు బాదుకుని ఏడ్చింది, తర్వాత బతికింది.

సిపాయి అయిన కొడుకు నంజుండ కార్గిల్ యుద్ధంలో పోయినప్పుడు మాత్రం ఎవరూ రాలేదు. మూత తెరవని పెట్టె ఒకటి వచ్చింది. పక్క లైన్ ఆస్టిన్ కూడా అదే పటాలం. తిరిగొచ్చాక ఈ వీధి ముఖమే చూడలేదు. తర్వాత గనులు మూతపడ్డాయి, వీధి సగం ఖాళీ అయింది. కొడుకు ఎట్లా పోయాడో తెలిస్తే తప్ప అక్కయమ్మకు ఏడుపు రాదు. ఇరవై ఏళ్లుగా లోపల మొద్దుబారిపోయి ఉంది. జనం దాన్ని గుండెనిబ్బరం అన్నారు. జనానిదేం పోయింది, నోటికొచ్చింది అంటారు.

ఇప్పుడా యుద్ధం మీద సినిమా వచ్చింది. పోస్టరు మీద 'నిజంగా జరిగిన కథ' అని ఇంతింత అక్షరాలు. వేమగల్‌లో ఒక ఫ్యాక్టరీకి కాపలా కాస్తున్న ఆస్టిన్, ఉన్నట్టుండి తలకు రంగేసుకుని వచ్చి ఆమెను రాబర్ట్‌సన్‌పేటకు సినిమాకు తీసుకెళ్లాడు.

సినిమాలో నంజుండ పేరు మార్చలేదు, మనిషినే మార్చారు. ఆరడుగుల తెల్లటి కుర్రాడు. చెంపకు మట్టి కూడా అందంగానే అంటుకుంది. జెండా పాతాడు, గుండెలో తూటా దిగింది, జై కొట్టి కళ్లు మూశాడు. హాలంతా ఈలలు. అక్కయమ్మ గోడను చూసినట్టు చూసింది.

బయట టీ అంగడి దగ్గర ఆస్టిన్ అడిగాడు.

"బాగుండాదా అమ్మా?"

"సినిమావోళ్లు చెప్పింది చూసినాను. నువ్వు షిఫ్టులో ఉండినోడివి. నువ్వు చెప్పు."

"సేమ్ అట్లేనమ్మా."

"అది కంపెనీ మాట. నీ మాట చెప్పప్పా."

ఆస్టిన్ టీ గ్లాసు బల్ల మీద పెట్టేశాడు.

"చెప్పేదానికి చేతగాకే మీ వీధికి రాలేదు. సినిమా చెప్తే చాలనుకొంటి."

అని, జరిగింది చెప్పాడు. జెండా లేదు. నంజుండ నీళ్ల కోసం వాలు దిగుతుంటే కడుపులో తూటా తగిలింది. బండల మధ్య పడ్డాడు. పైనుంచి కాల్పులు, తల ఎత్తే దారి లేదు. తెల్లవార్లూ అరిచాడు.

"నన్ను పేరు పెట్టి పిలిచినాడమ్మా. నేను పోలే."

"నన్ను పిలిచినాడా?"

"పిలిచినాడు. తెల్లారతా ఉంటే. ఆమీద ఇంగ మాట లేదు."

అక్కయమ్మ ఏడుపు కోసం కాచుకుంది. రాలేదు. ఆస్టినే పిల్లవాడిలా వెక్కుతుంటే, అతని వీపు మీద చెయ్యి వేసింది. ఆ చేతికి కూడా ఏమీ తెలియలేదు.

"ఇంగో ఆట ఎప్పుడుండాది?" అని అడిగింది.

"ఇప్పుడే ఉండాది. ఎందుకమ్మా?"

"ఇంగోసారి చూడాల. సినిమాలో పిల్లోడు ఒక్క క్షణంలో పోయినాడప్పా."