తాళం తప్పిన వాకర్

పొద్దున్నే ఆవిరి మీద ఉడికించిన పుట్టు, శనగలకూర తిని ముసలి పైలో ఆశాన్ మళ్లీ మంచమెక్కేవాడు. పది గంటలకు వ్యాయామం చేయించే జిన్సీ వచ్చి, వాకర్‌ను మంచం పక్కన నిలబెట్టేది.

"ఆ కాలు కింద మోపండి అప్పచ్చా. లోపల కడ్డీ వేశారు, మిమ్మల్ని మోస్తుంది. ఇలాగే పడుకుంటే ఇక మంచమే గతి."

"రేపు మోపుతాలేమ్మా. ఇవాళ నొప్పి."

నొప్పి కాదు, భయం. ఊళ్లో కుర్రకారుకు, కాళ్లతో వేదిక దద్దరిల్లేలా తొక్కుతూ ఆడే చవిట్టు నాటకం నేర్పిన ఆశాన్, అంటే గురువు, ఆయనే. రాజు వేషంలో కాలు తొక్కితే వేదిక పలకలు విరిగేవి. విరక్కపోతే అదీ ఒక ఆటేనా అనేవాడు. అంతటివాడు సబ్బుముక్క మీద జారి తుంటి విరగ్గొట్టుకున్నాడు. ఆపరేషన్ అయినా, కాలు నేలకు తగిలితే మళ్లీ పుటుక్కుమంటుందని ఆయన బెంగ.

వాకర్ కొన్నాళ్లు ఓపికపట్టింది. ఒక సాయంత్రం విసుగెత్తి, టకటకా గడప దాటి, రిహార్సల్స్ జరిగే చర్చి హాలుకు బయల్దేరింది. చేపలు తోముతున్న ఆశాన్ భార్య ఎలీశ్వ తలెత్తి, "చీకటి పడకముందే రా" అంది.

మర్నాడు శిష్యుడు రప్పాయి పరామర్శకు వచ్చాడు.

"మీ వాకర్ బాగా తొక్కుతోంది ఆశాన్. నాలుగు కాళ్లు కదా. చర్చి పండగ నాటకానికి దాన్నే ఆశాన్‌గా పెట్టుకోమన్నారు ఫాదర్."

"దానికి మాటిమాటికీ టీ పెట్టే పని కూడా లేదు," అంది ఎలీశ్వ.

ఆశాన్ గోడవైపు తిరిగి పడుకున్నాడు. ఆయనకు నిజంగానే ఏడుపొచ్చింది.

ఆ సాయంత్రం గాలి ఇటు తిరిగి, హాల్లోంచి రాజు ప్రవేశం తాళం వినిపించింది. మంచంపట్టె మీద తాళం వేస్తున్న ఆయన వేళ్లు ఆగిపోయాయి.

"విన్నావటే? వాకర్ నాలుగో దెబ్బ మింగేస్తోంది. కుర్రాళ్లంతా అదే నేర్చుకుంటారు. పండగనాడు నా పరువేం కావాలి?"

"వెళ్లి చెప్పండి."

"ఎలా వెళ్లను? వాకర్ అక్కడుందిగా."

"నేనిక్కడున్నాగా," అని ఎలీశ్వ ఆయన చెయ్యి తీసి తన భుజం మీద వేసుకుంది.

కోపంలో ఉన్నవాడికి భయం గుర్తురాదు. దారి పొడవునా వాకర్‌ను తిట్టుకుంటూ ఆశాన్ హాలు చేరాడు. నేలమీద పరిచిన పలకల మీదికి వెళ్లి, "నాలుగోది ఇలా పడాలిరా," అని ఆ కాలే ఎత్తి తొక్కాడు.

ఫెళ్లుమంది. అందరూ బిగుసుకుపోయారు. ఆశాన్ తుంటి తడుముకుని చూసుకున్నాడు. విరిగింది పలక.

వాకర్ మెల్లగా వచ్చి ఆయన చేతుల కింద నిలబడింది. ఇంటికి తిరిగి వెళ్లేటప్పుడు దారంతా అది ఒక్క దెబ్బ కూడా తప్పలేదు.