నాలుగు సెకన్ల ఎత్తు

నా నోటికి ముందూ వెనకా ఉండదని హిందూపురంలో చదరంగం ఆడేవాళ్ళందరికీ తెలుసు. పదిహేనేళ్ళు టోర్నమెంట్లు ఆడాను. రేటింగ్ పడిపోతుంటే చూడలేక మానేసి, ఆన్‌లైన్‌లో పాఠాలు మొదలుపెట్టాను. ఛానల్‌కు లక్షమంది చేరేసరికి కళ్ళు నెత్తికెక్కాయి.

పోయిన ఏడాది పన్నెండేళ్ళలోపు పిల్లలకు జిల్లా జట్టు ఎంపిక పోటీ ఆన్‌లైన్‌లో పెట్టారు. మోసాలు కనిపెట్టే పని జిల్లా కమిటీ నాకప్పగించింది. పెనుకొండ పిల్ల నిర్మల చివరి ఆటలో క్వీన్‌ను బలిచ్చి గెలిచింది. ఆలోచించింది నాలుగంటే నాలుగు సెకన్లు. పెద్ద పెద్ద ఆటగాళ్ళే తడుముకునే ఎత్తు అది. కంప్యూటర్ చూసి ఆడిందని రాసిపారేశాను. జట్టులోంచి పిల్ల పేరు కొట్టేశారు.

వాళ్ళ నాయన దేవసహాయం కూలిపని మానుకుని, కూతుర్ని వెంటబెట్టుకుని ధర్మవరంలో మా కమిటీ మీటింగుకు వచ్చాడు.

"మా ఇంట్లో ఉండేది ఒకటే ఫోను సార్. దాంట్లోనే ఆటాడె. ఇంగ యాడ చూస్తాది?" అన్నాడు.

"ఈ ఆట సంగతి నీకేం తెలుసప్పా? పో" అన్నాను.

పిల్ల తలొంచుకుని నిలబడింది తప్ప నోరు విప్పలేదు. తప్పు చేసింది కాబట్టే మాట్లాడలేదనుకున్నాను.

మొన్న పాత వీడియోలు తీసేస్తూ ఒకటి తెరిచాను. నాలుగేళ్ళ కిందటిది. చూసినవాళ్ళు నలభైమంది. అందులో నిర్మల ఆడిన ఆటే, క్వీన్‌ను బలిచ్చే అదే ఎత్తు. "నిద్రలో లేపి అడిగినా ఈ ఎత్తు చెప్పాల పిల్లలూ" అంటున్నది నా గొంతే. చెప్పిన నేను మరిచిపోయి, గుర్తుపెట్టుకున్న బిడ్డను దొంగను చేశాను. థూ, నాదీ ఒక బతుకేనా అనిపించింది.

తప్పు నాదేనని కమిటీకి ఉత్తరం రాసి, మరునాడే పెనుకొండ వెళ్ళాను. తండ్రీకూతుళ్ళు ఇంటిముందు శెనక్కాయలు ఒలుస్తున్నారు.

"అది నా వీడియోలో ఎత్తేనని ఆ పొద్దే చెప్పొచ్చు కదమ్మా?" అన్నాను. అడిగాక సిగ్గేసింది. ఇంకా తప్పు ఆ పిల్లమీదికే తోస్తున్నాను.

"మీకు తెలుసనుకుంటిని సార్" అంది నిర్మల. "మీరే నేర్పించి, మీరే మోసం అంటిరి. బట్టీపట్టి ఆడేది గూడా మోసమేమో అనుకుంటిని. అందుకే ఆడేది మానేసినా."

"కాదు తల్లీ. బట్టీపట్టడం మోసం కాదు. నువ్వు ఏ తప్పూ చెయ్యలేదు. తప్పంతా నాదే. కమిటీకీ అదే రాసినాను. మళ్ళా ఆడమ్మా."

"నాకు పన్నెండు నిండినాయి సార్. ఆ జట్టులోకి ఇంగ తీసుకోరు."

నాకు ఏడుపొచ్చింది. ఆ పిల్ల నా మొహం కాసేపు చూసి, తండ్రివైపు తిరిగింది.

"వింటివా నాయనా? నేను మోసం చెయ్యలేదంట."

దేవసహాయం చేతిలో కాయ ఒలిచి చేటలో వేశాడు.

"చేసినానని నువ్వే ఏడిస్తివి గానీ, నేనెప్పుడు నమ్మితిని బిడ్డా?" అన్నాడు.